అక్షరం బాగున్నవాళ్ళు

వృత్తి నిర్ణయ కేంద్రానికి మనుషులు ఒంటరిగా రారు. పదో తరగతి పిల్లాడి వెంట తండ్రి వస్తాడు, తండ్రి వెంట బావమరిది వస్తాడు, ఆ బావమరిది వెంట లోకజ్ఞానం ఉందని పేరుపడ్డ పక్కింటాయన వస్తాడు. కాకినాడ కేంద్రంలో పదమూడేళ్ళుగా సలహాదారుగా ఉన్న హైమవతికి ఇదేమీ కొత్త కాదు. అందుకే ఇరవై ఏడేళ్ళ నూకరాజు అక్కను వెంటబెట్టుకుని వస్తే ఆమె ఆశ్చర్యపోలేదు. అక్కను బయట హాల్లో కూర్చోమని చెప్పి, అతన్ని లోపలికి పిలిచింది.

నూకరాజు సముద్రపొడ్డున ఒక విద్యుత్ కేంద్రంలో ధ్వని పరిశీలకుడు. మీటర్లు బిగించిన చోటే వింటాయి, మనిషి చెవి నడుస్తూ వింటుంది. అందుకని పంపుల మధ్యా పంకాల మధ్యా తిరుగుతూ, రాబోయే తేడాను ముందే పసిగట్టడానికి అలాంటి మనుషుల్ని పెట్టుకున్నారు. కిందటి నెల అక్కడ ఒక పెద్ద పంకా మూడు రోజులు మూలిగి నాలుగో రోజు పగిలింది. రేకు ఎగిరొచ్చి తగిలి, కింద పనిచేస్తున్న ఒకాయన చెయ్యి విరిగింది. మూడు రోజుల మూలుగూ నూకరాజుకు వినపడలేదు. యాజమాన్యం అతన్ని నెల రోజులు పక్కనపెట్టి, మళ్ళీ ఓసారి వృత్తి నిర్ణయ కేంద్రంలో చూపించుకు రమ్మంది.

"వినపడలేదా, వినపడినా అశ్రద్ధ చేశావా?" అని అడిగింది హైమవతి.

"ఇంటానండి. రోజూ ఇంటానండి. అన్నీ ఒకేలాగ ఉంటాయండి నాకు." అతను చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. "అక్కయితే తిడతాదండి. వెయ్యిమందిలో ఒక్కడివని కలం చెప్పింది, బుర్ర ఎక్కడ పెట్టుకుంటున్నావురా అంటాదండి."

కలం అలా చెప్పిన మాట నిజమే. పదకొండేళ్ళ కిందటి అతని ఫైలు హైమవతి ముందే ఉంది. శ్రవణ శక్తి వెయ్యిమందిలో ఒకరికి ఉండేంత. యంత్రాల చప్పుళ్ళలో తేడా పట్టే పని తప్ప మరోటి సూచించవద్దు. కింద హైమవతి సంతకమే ఉంది.

ఆమె సొరుగు లోంచి కొత్త పలకా నాడికలమూ తీసి అతని ముందు పెట్టింది. కేంద్రం నడిచేది ఆ కలం మీదే. పలక ప్రశ్న అడుగుతుంది, మధ్యమధ్య ఓ వాన చప్పుడో మోటారు చప్పుడో పసిపిల్ల ఏడుపో వినిపిస్తుంది, బొమ్మలు చూపిస్తుంది. 'నలుగురిలో ఉండటం మీకు ఇష్టమా?' అంటే అందరూ ఇష్టమనే రాస్తారు. రాసినదాంట్లో సగం అబద్ధమైనా ఇబ్బంది లేదు. కలం పట్టుకున్న వేళ్ళ కొసల్లో నాడి ఎలా కొట్టుకుందో, ఎక్కడ నొక్కిందో, ఎక్కడ తడబడిందో కలం లోపల్లోపల లెక్కగట్టుకుంటుంది. రెండువందల పన్నెండు ప్రశ్నలు పూర్తయ్యేసరికి మనిషికే తెలియని మనిషి బయటపడతాడు.

మొదట్లో కేంద్రంలోనే రాయించేవారు. పిల్లలు పరీక్ష రాస్తున్నట్టు బిక్కచచ్చిపోయి రాస్తుంటే కలానికి భయం తప్ప మరేమీ అందేది కాదు. పలకను వారం రోజులు ఇంటికి పంపిద్దాం, సొంత గుమ్మంలో కూర్చుని నింపాదిగా రాసుకుంటారు అని సలహా ఇచ్చింది హైమవతే. ఆ సలహాకు ఆమెకు శాలువా కప్పారు.

నూకరాజు రాయడం మొదలుపెట్టాడు. ఇంతలో తలుపు కొంచెం తెరుచుకుంది.

"అమ్మగారండీ, ఏటీ అనుకోకండి," అంది బయట కూర్చున్న అక్క సత్యవేణి. ముప్పై ఒకటీ ముప్పై రెండేళ్ళ మనిషి, చీర కొంగుతో చేతులు కప్పుకుని ఉంది. "ఆ ఏసీ ఓసారి చూపించుకోండి. లోన బేరింగు అరిగిపోతంది. రెండ్రోజుల్లో పట్టేత్తాది."

హైమవతి చెవి ఒగ్గి విన్నది. ఏసీ ఎప్పటిలాగే ఉంది. అలాగేలేమ్మా అని పంపేసి, నూకరాజు రాతవైపు చూసింది. కోడి గెలికినట్టు ఉంది. మొదటి ప్రశ్న దగ్గరే చెమటలు కారుస్తున్నాడు. ఆమె పాత ఫైల్లో, అప్పటి పలక రాతను అచ్చుతీసి పెట్టిన పత్రం తిరగేసింది. రెండువందల పన్నెండు జవాబులూ ముత్యాలు పేర్చినట్టు ఉన్నాయి. ఒక్క సంతకం మాత్రం కోడి గెలికింది.

"ఇది ఎవరు రాశారు?"

నూకరాజు తలెత్తి అమాయకంగా చూశాడు. "అక్కేనండి. మా ఇంటికాడ ఫారాలన్నీ అక్కే రాత్తాదండి. అక్షరం బాగుంటాదని."

"జవాబులు నువ్వు చెప్పావా?"

"రేషన్ కార్డు ఫారంలాటిదే అనుకున్నానండి. రాసెయ్యక్కా అని ఆడుకోడానికి పోయానండి. ఆఖర్న సంతకం పెట్టానండి."

హైమవతి ఏసీ వైపు మళ్ళీ ఒకసారి చూసింది.

ఆ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళేసరికి వరండాలో ఆమె అన్నయ్య శ్రీహరి కూర్చుని ఉన్నాడు. బ్యాంకులో మేనేజరుగా రిటైరయ్యాడు. చేతిలో బీమా కాగితం, జేబులో పెన్ను, ముఖంలో చిన్నపిల్లాడి ధీమా.

"ఒసేయ్ హైమా, ఈ ఫారం నింపిపెట్టవే. నీ అక్షరం ముందు మా అక్షరాలెందుకు?"

ఎనిమిదో తరగతి నుంచీ ఆ ఇంట్లో ఫారాలన్నీ ఆమే నింపింది. ఇద్దరన్నల స్కాలర్షిప్పులు, కాలేజీ దరఖాస్తులు, శ్రీహరి బ్యాంకు ఉద్యోగానికి పెట్టిన అర్జీ. 'మీ అభిరుచులు' అన్నచోట ఆమె అతనికి పుస్తక పఠనం అని రాసింది. శ్రీహరి పాసుపుస్తకం తప్ప మరో పుస్తకం తెరిచి ఎరగడు. ఆ అభిరుచి ఎవరిదో అప్పట్లో ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు. ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఇంట్లో పెరిగి, పలకలు ఇంటికి పంపితే ఎవరు రాస్తారో తనకు తోచకపోవడమేమిటని హైమవతికి సిగ్గేసింది. రాజధాని నుంచి వచ్చిన నిపుణులకు తెలియకపోతే అదో దారి. తనకు తెలిసుండాలి.

బీమా ఫారం మాత్రం నింపి ఇచ్చింది.

మర్నాడు ఆమె పాత ఫైళ్ళు మూడొందలు ముందేసుకుంది. రాతను చదివేది యంత్రమే కాబట్టి పన్నెండేళ్ళుగా వాటి అక్షరాలను ఏ మనిషీ చూడలేదు. ఎనభై నాలుగింటిలో జవాబులది ఒక చెయ్యి, సంతకానిది ఇంకో చెయ్యి. ఇరవై ఇళ్ళకు ఫోన్లు చేసింది. అక్క, వదిన, చెల్లి, అక్క, అమ్మ, ఒకచోట పక్కింటి టీచరమ్మ. అవతలివాళ్ళకు అందులో దాచుకోవలసిన సంగతే కనపడలేదు. "అవునండీ, మా చెల్లే రాసింది, దస్తూరీ బాగుంటుందని" అని గొప్పగా చెప్పారు.

కలాన్ని తయారుచేసిన డాక్టర్ సోమయాజులు గది కేంద్రం వెనకవైపు ఉంది. ఆయన అంతా శ్రద్ధగా విన్నాడు. కాగితం మీద మూడొందలు, ఎనభై నాలుగు అని వేసుకుని కింద గీత గీశాడు.

"మన సంతృప్తి శాతం తొంభై ఒకటి. తెలుసు కదమ్మా?"

"పావు వంతు ఫారాలు వేరేవాళ్ళవైతే తొంభై ఒకటి ఎలా వచ్చింది సార్?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మనిషి దేనికైనా అలవాటు పడతాడు గనక."

"మరి ఈ కలం దేనికి?"

"ధైర్యానికి. ఇదిగో, నీ పని ఇదీ అని ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి కదా. ఇంట్లో పెద్దవాళ్ళు చెబితే వినే రోజులు పోయాయి." ఆయన మంచివాడే. నచ్చని మాటను కూడా కోపం లేకుండా చెప్పగలడు. "పన్నెండేళ్ళుగా రాసినవాళ్ళందర్నీ పిలిచి మీ బతుకు మీది కాదు, మీ అక్కయ్యది అని చెబుతావా? చెప్పి ఏం ఇస్తావు? వచ్చే ఏడు నుంచి ఫారం చివర ఒక ధృవీకరణ పెడదాం. ఇది నేనే స్వయంగా రాశాను అని. సరిపోతుంది."

తృప్తి శాతం కోసం ఏటా పంపే ఫారం కూడా ఇళ్ళకే వెళుతుందని, దాన్ని నింపేదీ ఆ చెయ్యేనని హైమవతికి అప్పుడు తట్టింది. ఆ మాట ఆయనతో అనలేదు. తిరిగి తన గదికి వచ్చేసరికి ఏసీ గర్రుమని ఓ అరుపు అరిచి ఆగిపోయింది.

రెండు రోజుల తర్వాత ఆమె ఉప్పాడ రోడ్డులో సత్యవేణి పనిచేసే రొయ్యల షెడ్డుకు వెళ్ళింది. పొడుగాటి హాలు, తెల్లటి బల్లలు, బల్లల మీద ఐసు గుట్టలు, ఐసులో రొయ్యలు. నూటయాభై మంది ఆడవాళ్ళు నిలబడి ఒలుస్తున్నారు. లోపల చలికి హైమవతి పళ్ళు టకటకలాడాయి. సూపర్‌వైజరు అరగంట విడిచిపెడితే సత్యవేణి చేతి తొడుగులు తీసి, బయట నీరెండలో బెంచీ మీదికి వచ్చి కూర్చుంది.

"తమ్ముడికి ఏటి రాశారండి? ఉజ్జోగం ఉంటాదాండి?" అదే ఆమె మొదటి మాట.

"చెబుతాను. ముందు ఇది విను." హైమవతి ఫోనులో అయిదు పంపుల చప్పుళ్ళు వినిపించింది. కేంద్రంలో పరీక్షకు వాడేవి. వాటిలో రెండో పంపు పాడైంది. నూకరాజుకు మూడుసార్లు పెట్టినా చెప్పలేకపోయాడు.

సత్యవేణి ఒక్కసారే విన్నది. "రెండోదానికి ఆయుస్సు లేదండి. నాలుగోది బాగానే ఉంది గానీ, కిందన బోల్టేదో వదులైనట్టుంది, గంతులేత్తంది." నాలుగో పంపులో లోపం ఉన్నట్టు కేంద్రం రికార్డుల్లో లేదు. తర్వాత హైమవతి ఆ చప్పుడు రికార్డు చేసిన ఫ్యాక్టరీకి ఫోను చేసి కనుక్కుంటే, బోల్టు వదులైన మాట వాళ్ళు తనిఖీలో చూసుకున్నారట.

"నీకు ఎలా తెలుస్తుంది?"

"ఎలాగంటే... పసిపిల్ల ఏడుపు తల్లికి తెల్దాండి? ఆకలి ఏడుపో, నిద్దరేడుపో. ఇక్కడ ఐసు మిషను రొద మారితే నేనే చెప్తానండి మెకానిక్కి. ఆడదానివి నీకేటి తెలుసంటాడు. మర్నాడు విప్పుతాడు."

హైమవతి పలకను ఆమె ఒళ్ళో పెట్టి కలం చేతికిచ్చింది. "ఇది నీ కోసం. పేరు రాయి."

సత్యవేణి కొంగుకు చెయ్యి తుడుచుకుని, ఫారాలు నింపే మనిషి ఒడుపుతో కలం పట్టుకుని రాసింది. ముత్యాల్లాంటి అక్షరాలు. నూకరాజు.

"నీ పేరమ్మా."

"అయ్యో, అలవాటండి." నవ్వి, కొట్టేసి, సత్యవేణి అని రాసింది. పలక ఏమీ అడగలేదు. కాసేపటికి తెర మీద ఒక మాట వచ్చింది: చెయ్యి అందలేదు. హైమవతి కలం తుడిచి ఇచ్చింది. ఎడమ చేతికి ఇచ్చి చూసింది. వేళ్ళు ఎండలో కాసేపు ఉంచమని మళ్ళీ ఇచ్చింది. చెయ్యి అందలేదు.

"దానికి నా వేళ్ళు తెలవ్వండి," అంది సత్యవేణి తాపీగా. "నాకే తెలవ్వు. ఐసుకి చచ్చిపోయాయి. పొయ్యి మీద పెనం ముట్టుకున్నా వాసనొచ్చేదాకా తెల్దండి. తమ్ముడికి ట్రైనింగు సీటొచ్చిన ఏడే కదండీ, ఫీజుకని ఇందులో చేరాను. పదకొండేళ్ళు."

ఇక దాచడానికి ఏమీ లేదు. హైమవతి చెప్పింది. ఆ ఫారం ఎవరి చేత్తో రాస్తే కలం వాళ్ళనే చదువుతుందని, వెయ్యిమందిలో ఒకరు అన్నది నూకరాజును కాదని, పలకను ఇంటికి పంపమన్న బుద్ధి తనదేనని, ఆ ఫైలు మీద సంతకం కూడా తనదేనని అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఈమె అరిస్తే బాగుండునని కోరుకుంది.

సత్యవేణి అరవలేదు. బెంచీ మీద చేతులు బోర్లా పెట్టి వాటినే చూసుకుంటూ కూర్చుంది. వాటితోనే అన్నట్టు అంది.

"అయితే తమ్ముడి తప్పేం లేదన్నమాట."

హైమవతి ఆమె ఒళ్ళోంచి పలక తీసి పక్కన పెట్టింది.

"ఎన్ని తిట్లు తిట్టానండి ఆణ్ణి. చెవులున్నాయా నీకు అని. అంత గొప్ప చెవులు దేవుడిచ్చాడు, వాడుకోవేంరా అని." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. లోపల గంట కొట్టారు. ఆమె లేచి, ముఖం తుడుచుకుని, తొడుగులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగింది. "ఆ ఏసీ ఏటైందండి?"

"పట్టేసింది."

సత్యవేణి తలూపి ఐసులోకి వెళ్ళిపోయింది.

కేంద్రంలో నూకరాజు తన చేత్తో రాసిన పత్రం ఫలితం ఆ వారమే వచ్చింది. పదిమందికి వండిపెట్టే పని. అది చదివి అతను ఎవరో తన జేబులో చెయ్యి పెట్టినట్టు ఉలిక్కిపడ్డాడు. కంపెనీ క్వార్టర్స్‌లో ఆదివారం పూట నలభైమందికి చేపల పులుసు వండేది అతనే. వారానికి ఆ ఒక్కరోజే తనకు తెల్లారినట్టు ఉంటుందన్నాడు. ఆ విద్యుత్ కేంద్రం క్యాంటీన్‌లోనే వంటవాడి ఖాళీ ఉంది. ఆ పనికి కలం ఇచ్చే అనుమతి నంబరు, కలం కోడ్ కూడా చేతికొచ్చింది.

హైమవతి విద్యుత్ కేంద్రం యాజమాన్యానికి పంపే కవరులో సత్యవేణి కోసం ఇంకో పత్రం పెట్టింది. కలం కోడ్ వెయ్యాల్సిన గడిలో, 'నేను విన్నాను' అని తన చేత్తో రాసి సంతకం చేసింది. ఉద్యోగ జీవితంలో ఆమె సొంతంగా రాసిన నిర్ణయం అదొక్కటే. పది రోజులకు అది తిరిగొచ్చింది. కోడ్ లేని మనిషిని పరిశీలకుల పోస్టులో వెయ్యడానికి రూలు లేదు. అయితే కోడ్ ఉన్న పరిశీలకుడు ఎవరైనా తన కింద రోజుకూలీ సహాయకురాలిగా పెట్టుకోవచ్చు, అభ్యంతరం లేదు.

నూకరాజు ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు.

"అంటే నేను వంటకి పోతే అక్క రాడానికి లేదు."

"నీ చోటులోకి వచ్చే కొత్తాయన ఆమెను పెట్టుకుంటే రావచ్చు."

"ఎవడు పెట్టుకుంటాడండి ఆడమనిషిని, తనకన్నా బాగా ఇంటాదని తెలిసీ?" అతను ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నవ్వబోయి మానేశాడు. "నేను అక్కడే ఉంటానండి. పాత కోడ్ ఇంకా నా పేరునే ఉందండి. అక్క ఇంటాది. నేను సంతకం పెడతాను."

"నూకరాజూ, నీ పని నీకు దొరికింది. ఇప్పుడు వదులుకుంటే..."

"పదకొండేళ్ళు ఐసులో నిలబడిందండి అక్క. నేను సంతకం పెట్టలేనాండి?"

అతను నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

మరుసటి జూన్‌లో ధృవీకరణతో కూడిన కొత్త ఫారాలు మొదటి కట్ట వచ్చింది. 'ఇది నేనే స్వయంగా నా చేత్తో రాశాను' అన్న వాక్యాన్ని ప్రతివాళ్ళూ ఫారం చివర చూసి రాయాలి. హైమవతి ఒక్కొక్కటే తిరగేసింది. వాక్యం ముత్యాల్లా ఉంది. దాని కింద సంతకం కోడి గెలికింది. మొదటి యాభైలో పద్నాలుగు అలాంటివే. ఆమెకు నవ్వూ వచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి. ఆ పద్నాలుగూ విడిగా కట్టి, పైన చీటీ పెట్టింది: రాసినవాళ్ళను కూడా పిలిపించాలి. సోమయాజులుగారు చీటీ చూసి, చూడనట్టు ఊరుకున్నాడు. ఆయన చెయ్యగలిగిన సాయం అది.

ఏడాది తృప్తి ఫారాలు కూడా ఆ వారమే వచ్చాయి. విద్యుత్ కేంద్రం నుంచి వచ్చిన వాటిలో నూకరాజుది కనపడింది. పదకొండు నెలల్లో ఆ విభాగంలో ఒక్క ప్రమాదమూ జరగలేదని, ఏడుసార్లు లోపం ముందే పట్టుకున్నారని, పరిశీలకుడికి ప్రశంసాపత్రం ఇచ్చారని పైన యాజమాన్యం నోటు ఉంది. కేంద్రం లెక్కలో తొంభై ఒకటి తొంభై రెండు కాబోతోంది.

'మీ ఉద్యోగం మీకు తృప్తిగా ఉందా?' అన్నచోట గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. చాలా తృప్తిగా ఉంది. ఉదయం షిఫ్టుకు ఎప్పుడు వెళదామా అని ఉంటుంది. కింద నూకరాజు సంతకం. దాన్ని కాగితం చిరిగేంతగా నొక్కి పెట్టాడు.

హైమవతి ఫారం మొదటికి వచ్చింది. పేరు రాసే గడిలో ఒక కొట్టివేత ఉంది. వెలుగుకు ఎత్తి చూస్తే అడుగున అక్షరాలు తెలుస్తున్నాయి. ముందు సత్యవేణి అని రాసి, కొట్టేసి, పక్కన నూకరాజు అని రాసి ఉంది.

తృప్తి ఉన్నవాళ్ళ దొంతి ఒకటి, లేనివాళ్ళ దొంతి ఒకటి బల్ల మీద ఉన్నాయి. హైమవతి ఆ ఫారాన్ని ఏ దొంతిలో పెట్టాలో తెలియక చాలాసేపు చేతిలోనే పట్టుకు కూర్చుంది.